తలుపు చాటు యాంకరమ్మ

మొన్నొక సాయంత్రం టీవీలో, సినిమా అవార్డుల పండుగకు ఈసారి యాంకరుగా ఎవరిని పెడుతున్నారన్న విషయం మీద పెద్ద చర్చే నడిచింది. ఎన్నో ఏళ్ళుగా ఆ వేదిక మీద మాట్లాడుతున్న అమ్మాయిని పక్కన పెట్టి, నిన్నగాక మొన్న వచ్చిన ఒక హీరోయిన్‌ను తీసుకున్నారట. పాత అమ్మాయి తెర మీదికి వచ్చి, నాకేం బాధ లేదండీ, కొత్తవాళ్ళు రావాలి కదా అని నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు వెనక కడుపు ఎంత మండుతోందో నాకు తెలిసినంతగా మా ఎల్లారెడ్డిలో ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే అచ్చం అటువంటి నవ్వే నేనూ ఒకప్పుడు నవ్వాను, అదీ ఒక అవార్డుల పండుగకు యాంకరును కావలసి కాలేకపోయిన రోజున.

బీడీలు చేసుకునే ఆడదానికి అవార్డుల పండుగేమిటని నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. మన ఈడు వాళ్ళకు కేబుల్ కొత్తగా వచ్చిన రోజులు గుర్తుండే ఉంటాయి. మా బావ, అంటే మా ఆయనకు అన్న, కామారెడ్డిలో కేబుల్ ఆఫీసు పెట్టి, ఎల్లారెడ్డి దాకా దారిలో ఉన్న ఊళ్ళకు వైరు లాగాడు. ఢిల్లీ చానళ్ళు, హైదరాబాదు చానళ్ళు ఎన్ని వచ్చినా, జనం కళ్ళు మాత్రం బావ సొంతంగా నడిపే చానల్ మీదే ఉండేవి. రోజుకొక సినిమా, మధ్యలో పుట్టినరోజు శుభాకాంక్షలు, బట్టల దుకాణాల ప్రకటనలు, ఎక్కడో బర్రె తప్పిపోతే దాని ఆనవాళ్ళు, అన్నీ అందులోనే వచ్చేవి.

నా సంగతి కూడా చెప్పాలి. నా పుట్టిల్లు లింగంపేట. చాట ఒడిలో పెట్టుకుని బీడీ చుట్టడం నడక నేర్చినట్టే నేర్చుకున్నాను గానీ, పెళ్ళై ఎల్లారెడ్డికి వచ్చాక నా చేతుల కంటే నా నోటికే ఎక్కువ పేరొచ్చింది. కామారెడ్డి టాకీసులో కొత్త సినిమా పడితే వాడకట్టులోని ఆడవాళ్ళంతా కలిసి నన్ను బస్సెక్కించేవారు. నేను చూసొచ్చి, మర్నాడు మా ఇంటి ముందు అందరూ చాటలు పెట్టుకుని కూర్చున్నాక, మొదటి నుంచి చివరి దాకా ఆ సినిమా చెప్పేదాన్ని. హీరో కొడితే నా చెయ్యి లేవాలి, తల్లి ఏడిస్తే నా గొంతు వణకాలి, మరి చేతిలో కత్తెరా తునికాకూ ఉంటే అదెట్లా కుదురుతుంది? అందుకని ఆ పూట నా బీడీలు వాళ్ళే తలా కొన్ని చుట్టి నా చాటలో వేసేవారు. ఎవరూ పెట్టిన రూలు కాదది, అట్లా జరిగిపోయేది. సాయంత్రం కార్ఖానాకు పోయేటప్పటికి అందరి కట్టల కంటే నా కట్టలే నిండుగా ఉండేవి. ఆ రోజుల్లో నా నడకే వేరు, ఎవరేమనుకున్నా సరే.

అటువంటి రోజుల్లో, మా బావకు సినిమా అవార్డులు ఇవ్వాలన్న ఆలోచన పుట్టింది. ఆ ఏడాది తన చానల్లో వేసిన సినిమాల్లో మంచిదేదో, మంచి హీరో ఎవరో జనమే ఫోను చేసి చెప్పాలి, కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాలులో పండుగ చేసి, దాన్ని నేరుగా అందరి ఇళ్ళల్లో టీవీకి ఇవ్వాలి. హీరోలు ఎట్లాగూ రారు కాబట్టి వాళ్ళ తరఫున అభిమాన సంఘాల అధ్యక్షులు వచ్చి కప్పు తీసుకుంటారు. హీరోయిన్‌కు కామారెడ్డిలో అభిమాన సంఘం లేకపోయేసరికి, ఆమె వేసుకున్న మోడల్ జాకెట్లు అందరికంటే ఎక్కువ కుట్టిన టైలరును పిలుద్దామని తేల్చారు. అన్నీ కుదిరాయి గానీ స్టేజీ మీద నిలబడి నడిపించే మనిషే కుదరలేదు. హైదరాబాదులో ఒక యాంకరమ్మను అడిగితే, కామారెడ్డి ఎటువైపు ఉంటుందని అడిగిందట. మా బావకు పౌరుషం ఎక్కువ. హైదరాబాదుదాని కాళ్ళు పట్టుకునేదేంటి, మన ఆడపిల్లనే పెడదామన్నాడు.

అంతే, వాడకట్టంతా నా వైపే వేలు చూపింది. నేనూ మొహమాటపడలేదు. సినిమా గురించి ఈ చుట్టుపక్కల నాకంటే బాగా చెప్పేవాళ్ళు లేరని నాకు తెలుసు, తెలిసిన విషయానికి సిగ్గెందుకు? ఏ చీర కట్టుకోవాలో ఖాయం చేసుకున్నాను. టైలరును పిలిచేటప్పుడు ఏమనాలో, రెండు అభిమాన సంఘాలు కొట్టుకోకుండా ఎవరిని ముందు పొగడాలో, అంతా బర్లకు కుడితి కలుపుతూ పాఠంలా చదువుకున్నాను. జీవితంలో ఒక్కసారి, నా నోటి మాట మా గల్లీ దాటి కామారెడ్డి దాకా వినిపించాలని ఎంత ఆశపడ్డానో ఆ బర్లకే ఎరుక.

మా ఇంట్లో నాకొక తోడికోడలు ఉంది, మా వైపు యారాలు అంటాం. మా మరిది భార్య. ఆమె పరాయి ఇంటి నుంచి వచ్చిన పిల్ల కాదు, మా ఆడబిడ్డ కూతురే, మేనమామనే చేసుకుంది. అందువల్ల మా బావ నాకు బావ, ఆమెకు పెదమామ. ఆమె ఆయన భుజాల మీద ఆడుకుని పెరిగింది. నేనా, పెళ్ళైన నాటి నుంచి ఆయన ఎదుట పడింది లేదు. బావ ముందు కోడలు నిలబడకూడదు, నేరుగా మాట్లాడకూడదు. ఆయనకు దాహమైతే గోడను చూసి ఇన్ని నీళ్ళు దొరుకుతాయా అనేవాడు, నేను చెంబు గడప మీద పెట్టి లోపలికి పోయేదాన్ని. అది భయం కాదు, ఒకరి పరువు ఒకరం కాపాడుకోవడం. బస్సులో కండక్టరుతో ఎంత గట్టిగా తగాదా పడినా, బావ చెప్పుల చప్పుడు వినిపిస్తే నా నోరు దానంతటదే మూతపడేది. స్టేజీ దగ్గర ఆయన వెనకాల వైర్ల దగ్గర ఉంటాడు, నాకు కనబడడులే అని ముందే ఆలోచించి పెట్టుకున్నాను.

కానీ స్టేజీ కంటే ముందు పరీక్ష ఒకటి ఉంటుందని అనుకోలేదు. ఒక మధ్యాహ్నం బావ, పెళ్ళిళ్ళకు వీడియో తీసే కెమెరా అతన్ని వెంటబెట్టుకుని వచ్చి ముందర అర్రలో మంచం మీద కూర్చున్నాడు. కెమెరా ముందు ఒక కుర్చీ వేయించి, సినిమా గురించి నాలుగు మాటలు చెప్పమన్నాడు, నాతో కాదు, గోడతో. నేను వంటింట్లో తలుపు వెనక ఉన్నాను, మా అత్తమ్మ నా పక్కన ఉంది. యారాలు ముందర అర్రలో వాళ్ళకు చాయ్ ఇస్తోంది. ఆయన కూర్చున్న అర్రలోకి పోయి ఆయన ఎదుట కుర్చీలో కూర్చోవడమా? అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లగా చెప్పింది.

"ఈడికెంచే చెప్పు బిడ్డా. నీ గొంతు ఆడికి దాకా ఇనబడ్తది."

తలుపు వెనక నుంచే చెప్పాను. ఎట్లా చెప్పానంటే, అభిమాన సంఘాలను పిలిచాను, టైలరును పిలిచాను, మధ్యలో ఒక తల్లి పాత్ర కష్టం చెబితే పక్కనున్న అత్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా జన్మలో అంత బాగా మళ్ళీ చెప్పలేదు. చెప్పడం అయ్యాక అవతల ఏ చప్పుడూ లేదు. కాసేపటికి యారాలి గొంతు వినిపించింది. కుర్చీలో కూర్చుని, కెమెరాలోకి చూసి గలగలా నవ్వుతూ మాట్లాడుతోంది. ఆ మాటలు నావి. పొద్దున కుడితి దగ్గర నేను చదువుకున్నవి. సొమ్మొకరిది సోకొకరిది అంటే ఏమిటో ఆ రోజు తలుపు సందులో నుంచి చూశాను. సాయంత్రం అత్తమ్మ వచ్చి, చిన్నామెను పెడుతున్నారట అని ఒక్క మాట చెప్పి చాటలో బియ్యం ఏరుకుంది. వాడకట్టు ఆడవాళ్ళు అడిగితే, చిన్నపిల్ల కదా, సంతోషమే అని నవ్వాను.

పండుగ రోజు మా ఇంట్లో టీవీ ముందు వాడకట్టంతా కూర్చుంది. రోజూ పోయే కరెంటు ఆ రోజు పోతుందేమోనని ఎదురు చూశాను, పోలేదు. వానకు కేబుల్ వైరు పాడవుతుందేమో అనుకున్నాను, మబ్బు తునక లేదు. ఆమె తెర మీదికి వచ్చింది. ఎర్ర చీర, తల నిండా పూలు, ఒక చేతిలో మైకు. ఒక్కచోట తడబడాలని ఎంత కోరుకున్నానో! తడబడలేదు. అభిమాన సంఘాలు రెండూ ఈలలు వేశాయి, టైలరు కప్పు తీసుకుంటూ ఏడ్చాడు, మా ఇంట్లో ఆడవాళ్ళంతా మన చిన్నది ఎంత మంచిగ చెప్తున్నదో అని చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అరచేతులు మండేదాకా.

ఆ తరువాత కామారెడ్డి బజారుకు ఇద్దరం పోతే, దుకాణం వాళ్ళు కుర్చీ వేసి కేబుల్ అక్క వచ్చింది అని ఆమెకే చాయ్ తెప్పించేవారు. సంచులు మోస్తూ వెనక నిలబడ్డ నన్ను, ఈమె ఎవరని అడిగేవారు. ఏకు మేకై కూర్చోవడమంటే ఇదే. ఇంటికొచ్చి నేను నోరు కట్టేసుకున్నాను. ఎవరెంత బతిమాలినా ఇంక సినిమా చెప్పలేదు, కావాలంటే టీవీలో వచ్చే ఆమెను అడగండి అన్నాను. నా బీడీలు నేనే చుట్టుకున్నాను. ఆమె రెండు మూడు సినిమాలు చెప్పిందని విన్నాను గానీ, ఆ వైపు తొంగి కూడా చూడలేదు. ఆ మంట ఏళ్ళ తరబడి ఆరలేదు. ఆమెకు మనవలు పుట్టారు, నాకూ పుట్టారు, ఆమె కట్టే ప్రతి కొత్త చీరా నాకు స్టేజీ చీరలాగే కనిపించేది.

మా బావ పోయిన ఏడాది కాలం చేశాడు. దినాల్లో వంటలకని ఇద్దరం కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నాం. ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు పోయింది. ఉన్నట్టుండి కత్తిపీట పక్కకు పెట్టి, నా ముఖం చూడకుండా మాట్లాడింది.

"అక్కా, గారోజు నువ్వు మాట మొదలు వెట్టంగనే మామ లేసి బయటికి వోయిండు. నువ్వు రావాలెననే వోయిండు. కుర్సీ ఖాళీగనే ఉండె. నేను నీకు చెప్పలే."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో ఉల్లిగడ్డ అట్లాగే ఉండిపోయింది. రమ్మని నన్ను నేరుగా పిలవలేడు కనుక, ఆయన చేయగలిగింది చేశాడు. లేచి వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. కెమెరా అతను ఇంటి ఆడమనిషిని పేరు పెట్టి ఎట్లా పిలుస్తాడు, అతనూ ఎదురు చూశాడు. నేను ఖాళీ మంచానికి మర్యాద చేస్తూ తలుపు వెనకే నిలబడ్డాను. ఆయన తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీగా ఉంటే, నడిపామెకు, అంటే నడిమి కోడలినైన నాకు, ఇష్టం లేనట్టుంది అనుకున్నాడట. ఈ సంగతంతా చూస్తున్న మనిషి ఒక్కతే, చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ నా యారాలు. ఎందుకు చెప్పలేదే అని అడిగాను.

"కుళ్ళుకున్న అక్కా. నీ బీడీలు అందరు చేసేటోళ్ళు. నేను టీవీల కనబడ్డంక గూడ సినిమా చెప్పిన, అందరు మంచిగ ఇన్నరు, నవ్విండ్రు. నా చాటల మాత్రం ఎవ్వలొక్క బీడీ ఎయ్యలే."

కోపం రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది, ఇప్పటికీ ఉంది. ఆ రోజు ఆమెతో మళ్ళీ మాట్లాడకుండా ఉల్లిగడ్డలన్నీ కోసి, చేతులు కడుక్కుని పోయాను. కానీ పడుకున్నాక, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ముసుగులో నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే కాలుతున్నాననుకున్నాను. కామారెడ్డి బజారులో కుర్చీ వేయించుకున్న మనిషి, వెనక సంచులు మోసిన నన్ను చూసి కుళ్ళుకుందా!

ఇప్పుడు మా ఇంటి కోడళ్ళు బావల భుజం మీద చెయ్యేసి ఫోటోలు దిగుతారు, మంచిదే, ఆ తలుపు ఎవరికీ అడ్డం కాకూడదు. ఎవరి చేతిలో చూసినా ఫోను, ఎవరికి వాళ్ళే యాంకరు. మా వాడకట్టులో బీడీలు చేసేవాళ్ళు ఒకరిద్దరు మిగిలారు, వాళ్ళూ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని చుట్టుకుంటారు. ఆ మధ్య ఒక సినిమా చూసొచ్చి మనవరాలికి చెప్పబోతే, కథ చెప్పకు నానమ్మా, నేను చూసుకుంట అని చెవులు మూసుకుంది. టీవీలో కొత్త యాంకరమ్మను చూసినా, పాత అమ్మాయిని చూసినా నాకిప్పుడు ఏ మంటా లేదు, యారాలి మీద ఉన్నది కూడా సగం చల్లారింది. ఇప్పుడు నాకు కుళ్ళంతా ఒక్క మనిషి మీదే, తన పని పక్కన పెట్టి సినిమా చెబుతుంటే చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళంతా ఆమె పనీ తామే చేసిపెట్టిన ఆ వయసులోని నా మీద. అంత ఉండి కూడా, దానికి ఒక స్టేజీ కావలసి వచ్చింది.