కాయ చూడకుండా పెట్టిన పేరు

పెళ్లాం పేరు మీద ఇల్లు కొన్న మొగుళ్లున్నారు, లారీ వెనకాల పెళ్లాం పేరు రాయించిన మొగుళ్లున్నారు. ఈయన ఒక మొక్కకు పెట్టాడు. విన్నవాళ్లంతా "ఆహా, ఏం అదృష్టవంతురాలమ్మా!" అని బుగ్గలు నొక్కుకున్నారు. ఆ అదృష్టం ఏపాటిదో చెప్తాను, వినండి.

ఆవిడ పని కొండలెక్కి మొక్కలు సేకరించడం. తెచ్చిన మొక్కను పాత న్యూస్‌పేపర్ల మధ్య అదిమి, ఎండబెట్టి, అట్ట మీద అంటించి, ఇనప బీరువాల్లో దాచిపెట్టే సంస్థ ఒకటుంది. గుమ్మంలో అడుగు పెడితే చాలు, కలరా ఉండల వాసన ముక్కు బద్దలు కొడుతుంది. మొగుడూ పెళ్లాం ఇద్దరికీ ఉద్యోగం అక్కడే. ఆయన విభాగానికి పెద్ద. ఆవిడ కాంట్రాక్టు మనిషి, ఏటా కాగితం తిరగరాస్తే ఉద్యోగం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. అలాగని చదువు తక్కువేం కాదు, ఇద్దరూ ఒకే తరగతిలో కూర్చుని ఒకే పాఠం విన్నవాళ్లే. పెళ్లయ్యాక ఆయన పోటీ పరీక్షలకు కూర్చున్నాడు, ఆవిడ పసిపిల్లను ఒళ్లో వేసుకు కూర్చుంది. అంతే తేడా. ఇంట్లో "ఏవండీ", ఆఫీసులో "సర్". గుమ్మం దగ్గర చెప్పులు మార్చుకున్నంత సులువుగా ఆవిడ ఆ పిలుపు మార్చుకునేది.

కాలికి బలపం కట్టుకుని తిరిగేది ఆవిడైతే, కుర్చీలో కూర్చుని సంతకాలు పెట్టేది ఆయన. దానికి ఆవిడకు పెద్ద బాధేమీ ఉండేది కాదు. కొండంటే ఇష్టం. జలగలు పట్టినా, జారిపడి మోచేతులు గీసుకున్నా, ఇంటికొచ్చి అంట్లు తోముకుంటూ కూనిరాగం తీసేది.

అలా తిరుగుతుండగా ఒకనాడు, కంకర క్వారీకి పైన, ఎప్పుడూ నీళ్లు ఊరే రాతిగోడ మీద ఆ మొక్క కనపడింది. ఆకులు రాతికి అతుక్కుని ఉన్నాయి. మధ్యలో సన్నటి కాడ, దాని చివర లేత ఊదా పువ్వు. తెల్లారుతూనే విచ్చుకుని, ఎండ ముదిరేలోపు రాలిపోయే రకం. అందుకే తీరిగ్గా కొండెక్కే పెద్దమనుషుల కంట ఇన్నేళ్లూ పడలేదు. ఆవిడ బురదలో బోర్లా పడుకుని భూతద్దం పెట్టి చూసింది. పువ్వు గొంతులో పసుపుపచ్చటి నూగు వరసగా ఉంది. తనకు తెలిసిన ఏ మొక్కకూ అలా ఉండదు.

"ఓసి నీ దుంపతెగ! ఎక్కడ దాక్కున్నావే ఇన్నాళ్లూ!" అంది పైకే. ఆ పూట ఆవిడ సంతోషం చూసినవాళ్లు ఎవరూ లేరు, పాపం.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. కొత్త మొక్కను వర్ణించి, పేరు పెట్టి, పత్రికలో అచ్చు వేయిస్తే, ఆ మొక్క పేరు వెనకాల పెట్టినవాళ్ల పేరు తోకలా అతుక్కుంటుంది. మనిషి పోయినా ఆ తోక ఉంటుంది. మొక్కకు ఎవరి పేరైనా పెట్టొచ్చు గానీ, తన పేరు తనే పెట్టుకోకూడదు. పెట్టుకుంటే ఆ రంగంలో నలుగురూ నవ్వుతారు. ఈ రెండు ముక్కలూ గుర్తుంచుకోండి.

అదే సమయానికి సంస్థలో ఒక పర్మినెంట్ పోస్టు పడింది. ఒక్క కొత్త మొక్కనైనా సొంతంగా వర్ణించినవాళ్లే దానికి అర్హులు. వయసు చూస్తే ఆవిడకు అదే ఆఖరి అవకాశం. అందుకని ఆవిడ వంటింటి బల్ల మీదే ఆకు కొలతలూ పూరేకు కొలతలూ రాసింది, బొమ్మలు గీసింది, మొదటి పేజీలో తన పేరు ఒక్కటే వేసింది. మొక్కకు ఆ తడి రాయి పేరు పెట్టింది. విభాగం నుంచి ఏ వ్యాసం బయటికి వెళ్లాలన్నా పెద్దాయన సంతకం ఉండాలి కాబట్టి, తీసుకెళ్లి మొగుడి చేతిలో పెట్టింది.

"కాయ ఇంకా చూడలేదండీ. వానలు తగ్గాక ఒకసారి వెళ్లి కాయ చూసొస్తాను. అప్పుడు పంపుదాం."

"కాయ కోసం కూచుంటే ఇంకోడు ఎగరేసుకుపోతాడు. పువ్వు చాలు. నాకొదిలెయ్యి, నేను చూసుకుంటాగా," అన్నాడు ఆయన.

అట్టల మీద మొక్కలు అంటించే ముసలాయన్ని అందరూ జిగురు బాబాయ్ అంటారు. ఆయన కూడా ఆవిడకు ధైర్యం చెప్పాడు. "వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్లేదమ్మాయ్. నీకేం భయం?"

వడ్డన జరిగింది. ఎలా జరిగిందంటే, స్టాఫందరినీ మీటింగు హాల్లో కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఆయన పత్రిక పైకెత్తి పట్టుకున్నాడు. "మా విభాగం కనిపెట్టిన ఈ కొత్త మొక్కకు నా భార్య పేరు పెట్టాను," అన్నాడు. చప్పట్లు మోగిపోయాయి. టైపిస్టులు ఆవిడ భుజాలు పట్టి ఊపేశారు. ఆవిడ పత్రిక అందుకుని చూసింది. బొమ్మలు తనవే. వాక్యాలు తనవే, కామాతో సహా. మొక్క పేరులో తన పేరు, చివర లాటిన్ ముక్క తగిలించుకుని ముస్తాబై కూర్చుంది. ఆ వెనకాల తోకలో మాత్రం ఆయన పేరు ఒక్కటే ఉంది. ఆఖరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, కొండ మీద సాయపడినందుకూ బొమ్మలు గీసినందుకూ ఆవిడకు కృతజ్ఞతలు చెప్పారు. ఆవిడ నవ్వింది. నలుగురిలో ఇంకేం చేస్తుంది?

ఇంటికొచ్చాక అడిగింది. "నా పేరు ఏదండీ?"

"అదేంటి, మొక్కకే నీ పేరు పెట్టానుగా!"

"వెనకాల ఏదీ అంటున్నాను."

"పేరూ నీదే పెట్టి, పెట్టింది కూడా నువ్వేనని వేస్తే, సొంత డబ్బా కొట్టుకుంటోందని జనం నవ్వరూ? నీ పరువు కోసమే తీశాను."

"మరి నా పేరు ఎందుకు పెట్టారు? రాయి పేరు పెట్టి పంపాను కదా!"

"ప్రేమతో పెట్టానే! ఎవడు పెడతాడు ఇలా? కాస్త సంతోషించడం కూడా చేతకాదా నీకు?" అని ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

తెలియక చేశాడేమోనని మీరు అనుకోవచ్చు. పోస్టుకు ఆ అర్హత పెడుతూ నోటీసు తయారుచేసింది ఆయనే. సొమ్మొకడిది సోకొకడిది అంటారు చూశారా, ఇక్కడ సోకు చేసుకున్నవాడు సొమ్ముగలావిడ మెడలోనే దండ కూడా వేశాడు. దండ వేసినవాణ్ణి దొంగ అని అరిస్తే వినేదెవరు?

అత్తగారు మాత్రం విషయం విని, "గడ్డికి పేరు పెట్టాడా? ఓ గొలుసు చేయించలేకపోయాడా వీడు!" అంది. ఆ ఇంట్లో ఆవిడకు కాస్త నవ్వొచ్చిన మాట అదొక్కటే.

పోస్టు ఇంకెవరికో పోయింది. ఆవిడ దరఖాస్తు పరిశీలించేటప్పుడు ఆయన మర్యాదగా గదిలోంచి బయటికొచ్చి నిలబడ్డాడట, భార్య విషయంలో తను మాట్లాడకూడదని. ఆ మొక్క పుణ్యమా అని ఆయన డైరెక్టరయ్యాడు. ఆవిడ కాంట్రాక్టు కాగితం మీద ఇప్పుడు ఆయన సంతకమే ఉంటోంది.

వానలు తగ్గాక ఆవిడ మళ్లీ కొండెక్కింది. ఎవరూ వెళ్లమనలేదు. కాయ చూడాలన్న పంతం, అంతే. చూసింది. పిండిన గుడ్డలా మెలి తిరిగిన సన్నటి కాయ, దాని కొసన చీలిన ముక్కు. ఆ ముక్కును ఆవిడ ఇదివరకే ఎక్కడో చదివింది. ఎప్పుడో, ఎవరో, ఇంకో కొండల వరసలో కాయలు మాత్రమే దొరికితే, పువ్వు చూడకుండానే వర్ణించిపోయిన మొక్క ఒకటుంది. ఆ కాయల అట్టను దాచిన సంస్థకు రాసి ఫొటో తెప్పించింది. కాయ పక్కన కాయ, గింజ పక్కన గింజ పెట్టి చూసింది. ఆకు ఈనెల దగ్గర్నుంచి అంతా అదే. కాయ చూసినవాడు పువ్వు చూడలేదు, పువ్వు చూసినవాళ్లు కాయ కోసం ఆగలేదు. ఆ రంగంలో ముందు పెట్టిన పేరే పేరు. తర్వాత పెట్టింది చెల్లదు.

అంటే తన పేరు చెల్లదు. ఈ సంగతి తెలిసింది తనొక్కదానికే. నోరు మూసుకుంటే ఆ రాతిగోడ మీద తన పేరు పూస్తూనే ఉంటుంది. కూతురు స్నేహితులందరికీ చెప్పుకుంటోంది, మా అమ్మ పేరుతో ఒక మొక్క ఉందని. ఆవిడ కక్కలేక మింగలేక కొన్నాళ్లు తిరిగింది. ఏడ్చింది కూడా. ఎందుకేడవదు? ఆ అబద్ధంలోనైనా తన పేరంటూ ఒకటుంది కదా.

చివరికి ఉన్న సంగతి వ్యాసంగా రాసింది. ఈసారి ఇంటి చిరునామాతో, ఎవరి సంతకమూ లేకుండా పంపింది. అచ్చయ్యే ముందు మొగుడికి చెప్పింది. దాచడం ఆవిడకు చేతకాదు.

"మతి పోయిందా? నీ పేరు నువ్వే కొట్టేసుకుంటావా?" అన్నాడు ఆయన.

"ఆ మొక్క మనది కాదండీ. కాయ చూశాను."

"చూస్తే చూశావు! నేను డైరెక్టర్ని. ఇంట్లోంచే ఇలా రాశారంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"కాయ చూడకుండా పంపొద్దని చెప్పాను."

"నా మీద కసి తీర్చుకుంటున్నావు నువ్వు."

"ఉంది. కసి ఉంది. లేదని అనను. కానీ కాయ కూడా ఉంది," అంది.

వ్యాసం వచ్చింది. కింద ఆవిడ పేరు ఒక్కటే. జీవితంలో మొదటిసారి సొంత పేరుతో అచ్చయిన వ్యాసం, తన పేరును లోకంలోంచి తుడిచేసే వ్యాసం. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, టీ ఇప్పించలేదు. "కట్టుకున్నవాడు అంత ప్రేమగా పెడితే, చూశావా బుద్ధి!" అని టైపిస్టులు మొహం తిప్పుకున్నారు. కూతురు, "అయితే ఇప్పుడు నీ పేరుతో ఏ మొక్కా లేదా అమ్మా?" అని అడిగింది. "లేదే తల్లీ," అంది ఆవిడ, చపాతీ పిండి కలుపుతూ.

ఇక మిగిలింది బీరువాలో ఉన్న అట్ట. దాని మీద మొక్క, మొక్క కింద ఆయన రాసిన చీటీ ఉన్నాయి. పేరు తప్పని తేలితే పాత చీటీ పీకకూడదు. దాని కింద ఇంకో చిన్న చీటీ మీద సరైన పేరు రాసి, తేల్చినవాళ్లు సంతకం పెట్టి అంటించాలి. అట్ట మీద ఒకసారి అంటించింది ఏదీ, తప్పయినా సరే, తీయరు. అదీ అక్కడి పద్ధతి. ఆవిడ చీటీ రాసి సంతకం పెట్టింది. జిగురు బాబాయ్ గిన్నె ముందుకు జరిపాడు.

"నువ్వే అంటించుకో అమ్మాయ్. ఈ పాపం నా చేత్తో చెయ్యలేను."

ఆవిడ అంటించి, ఆరడానికి అట్టను బల్ల మీద ఉంచింది. జిగురు తడికి సిరా ఉబ్బింది. సరిగ్గా అప్పుడే డైరెక్టరుగారు పైనుంచొచ్చిన అతిథుల్ని వెంటేసుకుని హాల్లోకొచ్చాడు. ఎవరొచ్చినా ఆ అట్ట చూపించడం ఆయనకు అలవాటు. వ్యాసం వచ్చినా ఆ అలవాటు పోలేదు. బీరువా దాకా వెళ్లబోతూ బల్ల మీద అట్టను చూశాడు, కొత్త చీటీనీ చూశాడు. ఒక్క క్షణం ఆగి, అట్టను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. కుడిచేతి బొటనవేలు వెళ్లి సరిగ్గా ఆ చీటీ మీద కూర్చుంది.

"ఇదిగోనండి, ఇది నేను మా ఆవిడ పేరు పెట్టిన మొక్క."

"అబ్బ, ఎంత మంచి ఆలోచనండీ!" అంది అతిథుల్లో ఒకావిడ.

పక్క బల్ల దగ్గరున్న ఆవిడ లేచి నిలబడింది. "ఏవండీ!"

ఆ హాల్లో ఆ పిలుపు ఎవరూ ఎప్పుడూ వినలేదు. బీరువాల మధ్యనున్న వాళ్లంతా తలలు బయట పెట్టారు.

"ఆ వేలు తియ్యండి. ఇంకా ఆరలేదు."

ఆయన వేలు తీశాడు. అతిథి కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. "ఇక్కడేదో చీటీ ఉందే, సరిగ్గా కనపట్లేదు. ఏంటండీ ఇది?"

"పైన ఆయన పెట్టిన పేరండీ. ఆ పేరు చెల్లదని కింద నేను రాశాను," అంది ఆవిడ.

అతిథులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డైరెక్టరుగారు అట్టను బల్ల మీద పెట్టి, రుమాలుతో వేలు తుడుచుకుంటూ, "రండి, విత్తనాల గది చూద్దాం," అని వాళ్లను తీసుకుపోయాడు.

జిగురు బాబాయ్ వచ్చి చూసి నోరు నొక్కుకున్నాడు. సంతకం మీద నిలువునా బొటనవేలి ముద్ర పడింది. ఆవిడ పేరులో సగం అక్షరాలు ఆ ముద్ర గీతల్లో కలిసిపోయాయి.

"అయ్యయ్యో! ఇంకోటి రాసివ్వమ్మాయ్. తడిగానే ఉంది, ఇది పీకేస్తా. ఎవరు చూడొచ్చారు?"

"అంటించింది పీకకూడదు కదా బాబాయ్."

"పేరు సగం పోయిందే!"

"ఉండనీ," అంది ఆవిడ అట్టను బీరువాలోకి తోస్తూ. "తుడిచిన వేలు ఎవరిదో కూడా ఉండాలిగా."