ఒక్క సెకనులో జవాబు

ఆఫీసులో అందరూ ఆమెను పురుగులక్క అంటారు. యాప్‌లో పురుగు, అంటే తప్పు, ఏ మూల నక్కినా పట్టుకుంటుందని. సరుకులు ఇంటికి చేర్చే కంపెనీలో తొమ్మిదేళ్లుగా అదే పని. నడుస్తున్న ప్రోగ్రామును కావాల్సిన లైను దగ్గర ఆపి, ఆ క్షణాన లోపల ఏం జరుగుతోందో చూపించే డీబగ్గరే ఆమెకు కళ్లు.

ఆ మధ్యాహ్నం ఒక ఫిర్యాదు వచ్చింది. డెలివరీ మనిషి ఒకడు వచ్చిన ఆర్డరునల్లా ఒప్పుకుంటున్నాడు, ఒక్కటీ తీసుకెళ్లడం లేదు.

"ఎక్కడో కాళ్లు బారజాపుకుని ఉంటాడు. ఐడీ పీకేద్దాం," అన్నాడు మేనేజరు.

"ఉండండి సార్, తలకాయ తర్వాత తీద్దురుగాని. ముందు లాగ్ చూడనివ్వండి."

యాప్ తను చేసిన ప్రతి పనినీ వరసగా రాసుకునే చిట్టా అది. ఉదయం ఏడున్నర నుంచి ఆ ఫోను అంగుళం కదల్లేదు. అయినా ఆర్డరు వెళ్లిన ప్రతిసారీ సరిగ్గా ఒక్క సెకనుకే ఒప్పుకుంది. ఇరవై మూడు సార్లు. ఊపిరి పీల్చే మనిషెవడూ అంత కచ్చితంగా వేలు కదపడు.

తన బల్ల మీది ఫోనులో అదే యాప్ నడిపి, ఒప్పుకునే చోట ఆపింది. ఆ లైను తను రాసిందే. పరీక్షించేటప్పుడు మాటిమాటికీ నొక్కక్కర్లేకుండా, యాప్ తనంతట తానే ఒప్పుకునేలా రాసుకుంది. తీసేయడం మరిచింది. ప్రయోగానికని ఆ కొత్త యాప్‌ను నిన్న సాయంత్రం ఈ ఒక్కడి ఫోనులోనే వేశారు.

హెల్ప్‌లైను రికార్డు తెరిచింది. అతని భార్య మూడుసార్లు ఫోన్ చేసింది. మూడుసార్లూ ఒకటే జవాబు: "మీవారు డ్యూటీలోనే ఉన్నారమ్మా, ఇప్పుడే ఆర్డరు ఒప్పుకున్నారు." తెర మీద పచ్చచుక్క వెలుగుతుంటే చాలు, దాని వెనక మనిషున్నాడా అని కంపెనీలు అడగవు.

అతని ఫోనులో బ్యాటరీ నాలుగు శాతం.

"ఎక్కడున్నాడో బయటికి చెప్పకూడదు. సపోర్టు వాళ్లకు రాయి," అన్నాడు మేనేజరు.

"వాళ్లు చదివేలోపు ఫోను ఆరిపోతుంది సార్. మనిషి కూడా."

అంబులెన్సుకు ఫోను ఉన్న చోటు చెప్పి, భార్యకు ఫోన్ చేసింది. "అమ్మా, ఇటుకబట్టీ వెనక కాలవ దగ్గరికి పరుగెత్తండి."

"డ్యూటీలో ఉన్నాడన్నారుగా!"

"అబద్ధం చెప్పాం. వెళ్లండమ్మా!"

పడిపోయిన తన బండి కింద దొరికాడు. కాలూ పక్కటెముకలూ విరిగాయి. ప్రాణం ఉంది.

మూడో రోజు ఆమె ఆసుపత్రికి వెళ్లింది. "ఎలా ఉందన్నా?" అంది. అతను ఉలిక్కిపడి గోడవైపు తిరిగాడు.

"ఏంటయ్యా? నిన్ను బతికించింది ఈవిడే!" అంది భార్య.

"ఈ గొంతే. ఎవరైనా ఉన్నారా అని నేను అరుస్తుంటే, తుప్పల్లోంచి 'సరే, వస్తున్నా' అనేది. ఎన్నిసార్లో. రాలేదు."

తుప్పల్లో పడ్డ ఫోనులోంచి, యాప్ ఆర్డరు ఒప్పుకున్నప్పుడల్లా పలికిన మాట అది. పరీక్షకని ఆమే తన గొంతుతో రికార్డు చేసి పెట్టింది.

ఆ గదిలో ఆమె మళ్లీ నోరు విప్పలేదు. సంచిలోంచి కాగితం తీసి రాసింది: "ఆ లైనూ గొంతూ నావే. మూడుసార్లు మిమ్మల్ని నమ్మించింది మాత్రం కంపెనీ. కేసు పెట్టండి. సాక్షిగా రేపు సంతకం చేసిస్తాను."

భార్య కూడబలుక్కుంటూ చదివింది. పెన్ను ఆమె చేతిలోనే మళ్లీ పెట్టింది.

"రేపెందుకమ్మా? సంతకం ఇప్పుడే పెట్టు."

పెట్టింది.