స్నానాలగదిలో పసుపు చేప

జర్మనీలోని కీల్‌లో బస్సు నడిపి రిటైరైన వీబ్కెకి హాల్లోని ఉప్పునీటి తొట్టె ప్రాణం. అందులోకి ఏ చేప రావాలో ఆమే తేల్చేది. సాధువులు ముందు, రుబాబు చేసేవి చివర. ఇక పొరుగువాటిని పొడిచే జాతులకు ఆ ఇంట చోటే లేదు. ఎంత ముచ్చటపడి తెచ్చిన చేపైనా ముందు స్నానాలగదిలోని చిన్న తొట్టెలో, రోగమేదీ లేదని తేలేదాకా వారాల తరబడి విడిగా ఉండాల్సిందే. అందులో ఇసుక లేదు, రాయి లేదు. దాక్కోవడానికి ఓ ప్లాస్టిక్ గొట్టం ముక్క, అంతే.

పళ్లు తోముకోవడానికి వెళ్లినప్పుడల్లా ఆమె భర్త డెట్లెఫ్‌కి ఆ గొట్టంలోంచి కొత్త పసుపు చేప దిగాలుగా చూస్తున్నట్టు అనిపించేది. వీబ్కె చెల్లెలింటికి వెళ్లిన ఆదివారం అతను దాన్ని పట్టి పెద్ద తొట్టెలో వదిలేశాడు.

కొన్నాళ్లకే చేపలన్నిటి మీదా ఉప్పు చల్లినట్టు తెల్లమచ్చలు లేచాయి.

“జైల్లో పెట్టినట్టుంటే చూడలేకపోయానే,” అన్నాడు డెట్లెఫ్.

“చూడలేకపోతే కళ్లు మూసుకుని తోముకోవాల్సింది. నిన్ను జాలిపడమని ఎవరడిగారు? ఒక్కదానికి జైలని ఏడ్చి, ఇప్పుడు అన్నిటికీ వేయించావు.”

వీబ్కె చేపలన్నిటినీ స్నానాల టబ్బులో మందు కలిపిన ఉప్పునీళ్లలోకి మార్చింది. డెట్లెఫ్ స్నానానికి ఊరి ఈతకొలనుకి పోతున్నాడు. రోగం చచ్చేదాకా పెద్ద తొట్టెలో చేపలుండకూడదు. దాని దీపం మాత్రం ఆమె ఆర్పనివ్వలేదు.

శనివారం కాఫీకి వచ్చిన పక్కింటి గుడ్రున్ ఆ ఖాళీ నీళ్లలోకి తొంగిచూసి, “ఇందులో ఏం పెంచుతున్నారు?” అని అడిగింది.

కేకు కోస్తున్న వీబ్కె తలెత్తలేదు.

“మా ఆయన జాలిని.”