సున్నా రాయించిన సార్

మా సైన్సు సార్ పోయారని ప్రొద్దుటూరు నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను పులివెందుల బడిలో పాఠం చెబుతున్నాను. ఆ పూట ఇంక పాఠం సాగలేదు. ఆయన దగ్గర చదువుకున్న వాళ్లు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. ఆయనకు అబద్ధం రాసిచ్చిన వాణ్ని మాత్రం నేనొక్కణ్నే అనుకుంటాను.

రిటైరయ్యాక సార్ జమ్మలమడుగు దగ్గరి గుట్టల్లో నక్షత్ర తాబేళ్లను లెక్కపెట్టేవారు. వీపు మీద పసుపు గీతలతో ముచ్చటగా ఉంటాయవి. ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుందని జనం ఎత్తుకుపోతుంటారు. ఎన్ని మిగిలాయో తెలిస్తేనే కదా కాపాడేది అని ఆయన పట్టుదల. వానాకాలమంతా వారం వారం వంక దాటి అదే దారి, అదే పొద్దు. తలకు తువ్వాలు, చేతిలో పుస్తకం. మోకాళ్లను తిట్టుకుంటూనే ముళ్లకంపల కింద వంగి చూసేవారు.

ఒక వారం ఆయనకు జ్వరమొచ్చి, అప్పుడప్పుడు తోడు వెళ్లే నన్ను వెళ్లమన్నారు. తొండూరులో పెళ్లి ఉండి నేను వెళ్లలేదు. ఏమవుతుందిలే అని 'రెండు' అని రాసిచ్చాను. సార్ కళ్లద్దాలు సవరించుకున్నారు.

"ఆ పొద్దు వంక నిండా పారింది. యాడ దాటినావప్పా?"

సార్ తువ్వాలు తలకు చుట్టుకున్నారు.

"లేవని రాస్తే మళ్లా పోయి వెదుకుతాం. ఉండాయని రాస్తే ఇంగెవురు వెదుకుతారు? పా, పోదాం."

ఆ జ్వరంతోనే నన్ను బస్సెక్కించారు. రెండు గంటలు వెదికినా ఒక్కటీ కనపడలేదు. నా చేతే 'రెండు' కొట్టించి 'పోలేదు' అని రాయించారు. దాని కింద ఆనాటి లెక్క, సున్నా. తిరిగొస్తూ కారం దోసె తినిపించారు. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నాకది తిట్టు కంటే ఎక్కువ పనిచేసింది.

కర్మలయ్యాక సార్ భార్య ఆ పుస్తకం నా చేతికిచ్చారు. మొన్న ఆదివారం ఆ గుట్టల్లోకి వెళ్లాను. ఆయన కోసం ఒక్కటైనా కనపడాలని ప్రతి కంప కిందా వెదికాను. కనపడలేదు.

తిరిగి సార్ ఇంటికి వెళ్లగానే ఆమె అడిగారు. "పొయ్యే ముందు దినం గూడా మీ సార్ వాటి మాటే అన్న్యాడు నాయనా. కనపడినాయా?"

అవునంటే ఆమె ముఖం వెలిగేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ పుస్తకం తెరిచి, ఆనాడు నేను రాసిన లెక్క చూపించాను.

ఆమె సున్నా మీద వేలు పెట్టారు.

"అయితే మళ్లా పోవల్ల," అంటూ లోపలికి వెళ్లి, సార్ తువ్వాలు తెచ్చి పుస్తకం మీద పెట్టారు. ఉతికి, మడత పెట్టి ఉంది.