లోపల నింపని బతుకమ్మ

పదిహేను రోజుల కిందట బాన్సువాడ నుంచి అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, అత్తమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాపుదామని లేపిన. లేవలె."

అక్క మా మేనత్త కోడలు. పోయింది మా మేనత్త. మతిమరుపు జబ్బులు చూసే వైద్యుడిగా ఎందరో రోగులను చూశాను. వారిలో చాలామంది జబ్బు సగం దారి నడిచాకే నా దగ్గరికి వస్తారు. అల్జీమర్స్ వ్యాధిని తొలి అడుగు నుంచి తుది అడుగు దాకా నేను చూసింది మేనత్తలోనే.

నేను ఏటా బతుకమ్మ పండుగకు వాళ్లింటికి వెళ్లేవాణ్ణి. ఆమె వాకిట్లో చాప వేసుకుని, తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, తంగేడు ఒక వరస, రంగద్దిన గునుగు ఒక వరస గుండ్రంగా పేర్చేది. వరసలు లేచినకొద్దీ లోపలి ఖాళీలో ఆకులు, తుంచిన కాడలు కూరాలి. అప్పుడే బతుకమ్మ నిలబడుతుంది.

"ఇదంతా ఎట్ల యాదుంటదత్తా?" అని అడిగితే, "నన్నేమడుగుతవ్ అల్లుడా, నా చేతులనడుగు" అనేది.

పన్నెండేళ్ల కిందట ఒక ఏడాది ఆమె పేర్చిన బతుకమ్మ, చేతుల్లోకి ఎత్తగానే కూలిపోయింది. బయటి వరసల్లో ఒక్క పువ్వూ తప్పలేదు. లోపల మాత్రం ఏమీ నింపలేదు.

"ఏందొదినె, బతుకమ్మకు ఉపాసం వెట్టినవా?" అని పక్కింటి ఆమె నవ్వింది.

"దసరా దాంక దానికీ ఒక్కపొద్దే" అని మేనత్త కూడా నవ్వింది.

నేను ఆ పూలనే చూస్తూ ఉండిపోయాను. పొద్దున్నే వచ్చిన నన్ను ఆమె మధ్యాహ్నం "ఎప్పుడొచ్చినవ్?" అని అడిగిన సంగతి గుర్తొచ్చింది. పూల వరస చిన్ననాటి అలవాటు; అది చేతుల్లో ఉంటుంది. ఇంతవరకు ఏం చేశాను, ఇంకా ఏం మిగిలింది అన్న లెక్కను మాత్రం మనసు అప్పటికప్పుడు పట్టి ఉంచుకోవాలి. ఈ వ్యాధి సాధారణంగా ముందు తాకేది ఆ పట్టునే.

తర్వాతి పండుగల్లో పూల పేర్లు జారిపోయాయి. తంగేడు "గా పచ్చది" అయింది. ఆ తర్వాత వరసలు తారుమారయ్యాయి. ఒక ఏడాది నన్ను చూసి, "కాలువకు నీళ్లిడిచిన్రా అన్నా?" అని అడిగింది. ఆమె అన్న మా నాన్న, అప్పటికే లేరు. "ఇడిచిన్రు" అన్నాను. ఆమె ముఖం తేటపడింది.

ఒకరిలో ఈ జబ్బు పదేళ్లకు పైగా మెల్లగా నడుస్తుంది. మరొకరిని నాలుగైదేళ్లలోనే మంచాన పడేస్తుంది. ఎందుకన్న ప్రశ్న నన్ను ఎప్పుడూ వదలలేదు. మొదలైన వయసు, రక్తపోటు, చక్కెర జబ్బు, మెదడులో మూసుకుపోయే సన్నటి రక్తనాళాలు కొంత కారణం. మిగిలినదంతా మాకు ఇంకా తెలియదు. అయితే జబ్బు వేగం వేరు, జబ్బు వేగంలా కనిపించేది వేరు. ఆ తేడా నాకు ఆ ఇంట్లోనే బాగా అర్థమైంది.

ఒక ఏడాది పండుగ ఇంకా వారం ఉందనగా అక్క ఫోన్ చేసింది. "నిన్నటి సంది మనిషి మనిషి లెక్క లేదు తమ్మీ. గోడ మీద చీమలంటది. నన్ను ఎవరంటది. ఇగ ఆఖరుకొచ్చినట్టేనా?"

అల్జీమర్స్ నెలల మీద దిగజారుతుంది. ఒక్కరోజులో మనిషి మారిపోతే ఇంకేదో వెతకాలి. వెంటనే వెళ్లాను. మేనత్త నాలుక ఎండిపోయి ఉంది, ఒళ్లు వెచ్చగా తగిలింది.

"నీళ్లు తాగుతుందా అక్కా?"

అక్క అత్తమ్మ చీర సర్దింది. "నేనే తగ్గించిన. పోయిన బతుకమ్మకు పది మంది ఆడోళ్ల ముంగట చీర తడుపుకున్నది. ఏం తెల్వదనుకున్న గని, గప్పుడు సిగ్గువడ్డది తమ్మీ. మల్ల గట్ల గావద్దని."

దవాఖానలో పరీక్ష చేస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ తేలింది. ఒంట్లో నీళ్లు తగ్గి ఇన్ఫెక్షన్ సోకితే ఇలాంటి మెదడు ఒక్కరోజులోనే చెదిరిపోతుంది. "ఇది ఆఖరు కాదు, నయమయ్యేదే. ఆమె పరువు కాపాడాలని చేసినవ్ అక్కా. ఇగ నీళ్లు ఇస్తూనే కాపాడుదాం" అన్నాను.

సెలైన్‌తో, మందులతో చీమలు పోయాయి. పోయిన జ్ఞాపకమంతా తిరిగి రాలేదు గాని, కోడలి చెయ్యి మళ్లీ గుర్తుపట్టింది. పండుగ నాడు అక్క వరసలు పేర్చింది. మేనత్త పక్కన కూర్చుని, అక్క అందించిన కాడలు ఒక్కొక్కటే తుంచి లోపల కూరింది. మొట్టమొదట మరిచిపోయిన పని అదే. ఏది తర్వాత ఏదో అక్క చూసుకుంటే, మిగిలింది ఆమె చేతులకు తెలుసు.

ఆ రోజు నుంచి మేనత్త మంచం పక్కన ఒక రాగి చెంబు చేరింది. తర్వాత నడక పోయింది, మాట పోయింది, చివరికి మింగడం కష్టమైంది. చెంబులో నీళ్లు మాత్రం చెంచాతోనైనా ఆమెకు అందుతూనే ఉన్నాయి.

దశదినకర్మకు వెళ్లాను. చావు జరిగిన ఇల్లు కనుక ఈ ఏడు బతుకమ్మ లేదు. మంచం మీద పరుపు తీసేశారు. పక్కన చెంబు అలాగే ఉంది.

నా చూపు గమనించి అక్క అంది: "పొద్దున లేవంగనే చేతులు దాని మీదికే పోతున్నయ్ తమ్మీ. నింపినంక యాదికొస్తది."

చెంబు అంచు దాకా నిండి ఉంది.