వఫ్రా ఇసుకలో జనుము, పుట్టగొడుగులు

శుక్రవారం పొద్దున ఆరున్నరకు ఫింటాస్‌లో బస్సెక్కేసరికే కాళ్లు లాగేస్తున్నాయి. ముందురోజు నేను పనిచేసే అరబ్బు యజమానురాలు, మామా ఇంట్లో విందు, వంటంతా నాదే. అయినా బయలుదేరక తప్పలేదు. ఈ దేశంలో ఉండే అనుమతి, ఇఖామా, రెన్యూ చేయించాలో వద్దో ఆ సాయంత్రానికి తేల్చి చెప్పమంది మామా. రాయచోటి దగ్గర మా రెండెకరాలు వేరుశనగ వేసీ వేసీ చచ్చుబడ్డాయి. ఆ నేలను బాగుచేసుకుని బతకొచ్చని, ఇక్కడే ఎడారిలో వఫ్రా తోటలో పనిచేసే మా ఊరి ఓబులేసు ఫోనులో ఒకటే పోరు. కళ్లారా చూస్తేగానీ నమ్మబుద్ధి కాలేదు.

ఫహాహీల్‌లో దిగి, టీ తాగి, షేరింగ్ కారెక్కాను. పక్కన కడపాయన.

"శుక్రారం పూట పండుకోకుండా ఆ ఇసకలో ఏం పనిమ్మా నీకు?"

"మన్ను చూసేదానికి పోతాండానన్నా."

ఆయన నవ్వేసి కళ్లు మూసుకున్నాడు. నేనూ కునికాను.

తొమ్మిదింటికి ఓబులేసు గేటు దగ్గరే ఎదురొచ్చాడు. పచ్చిరొట్టకు మనం వేసే జనుమే అక్కడా వేశారు. దాని కాడలు నరికి, ఉడకబెట్టి, సంచుల్లో నింపి పుట్టగొడుగుల విత్తనం కలుపుతారు. కాపయ్యాక ఆ సంచుల్లోది మళ్లీ జనుము మడిలోకే తోలుతారు. గొడుగులు అమ్ముడుపోతాయి, నేలకు బలం మిగులుతుంది. మడిలో చెయ్యి పెడితే నల్లగా, తడిగా మన్ను తగిలింది. ఏడుపొచ్చినంత పనైంది నాకు.

సంచులు పెట్టిన షెడ్డులో మాత్రం గొడుగులన్నీ పొక్కులు లేచి వంకరపోయాయి.

"దిష్టి తగిలిందక్కా. ప్రతి శుక్రారం సాంబ్రాణి ఏస్తానే ఉండా."

"తలుపులేసుకునా?"

"ఊ. బాలేవని ఈ పొద్దు ఇంగా ఎక్కువేసినా."

బయట నీడలో పెట్టిన నాలుగు సంచుల్లోవి మాత్రం తెల్లగా, నిండుగా విచ్చుకున్నాయి.

"ఓరి నీ భక్తి మండ! మా మామా ఇంట్లో బుఖూర్ ధూపమేస్తే నాకే ఊపిరాడదు, ఇవేం బతుకుతాయిరా?"

ఓబులేసు తల పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు. మధ్యాహ్నం ఆ నాలుగు సంచుల గొడుగులే కూర చేసుకుని తిన్నాం. మడి అట్లా నల్లబడేదానికి ఎన్నాళ్లు పట్టిందని అడిగాను.

"మూడేండ్లక్కా."

నాకు నీరసం వచ్చేసింది. ఒక్క పంటతో తేలిపోతుందనుకున్నాను.

మూడింటికి తిరుగు కారెక్కాను. కిటికీ అవతల ఇసుక, లోపల నడుంనొప్పి. ఇక్కడున్నా మూడేళ్లు పోతాయి, అక్కడున్నా పోతాయి. పోయేవేవో నా నేల మీదే పోనీ అనిపించింది. ఇంత అలసటలోనూ ఆ ప్రయాణం మీద నాకు విసుగు రాలేదు.

మామా తలుపు తీసి ఏమంటావంది.

"ఖలాస్ మామా, ఇంక చాలు. ఇంటికి పోతా."

"మరి ఈ రాత్రికి వంట?" అంది.

చేతులు కడుక్కుని వంటింట్లోకి పోయాను.