గంగారానికి నేనిచ్చిన నరాల మాత్ర

"వంగవే వంగవే వదినమ్మా, వాన వచ్చేలోగా..." ఆపైన ఏముందో గుర్తు లేదు. చిన్నప్పుడు నాట్లేస్తూ పాడేవాళ్లం. పాట నేను మరిచిపోయినా, ఆ వంగడం నా నడుము మరిచిపోలేదు! దాని పుణ్యమా అని మొన్న శుక్రవారం ఒక మనిషిని పోగొట్టినంత పని చేశాను, వినండి. రాయడం ఈ మధ్యే నేర్చుకున్నా, తప్పులుంటే సర్దుకోండి.

నాది కడప. ఇక్కడ ఒమాన్ దేశంలో, దార్సైట్ అనే పేటలో ఒక ఇంట్లో వంట చేస్తాను. నడుము నొప్పికి డాక్టరమ్మ నరాల మాత్ర రాసింది. మొదట చిన్నదిచ్చి, మెల్లమెల్లగా పెద్దదానికి తెచ్చింది. మొదట్లో పోపు పెడుతూ నిలబడే కునికేదాన్ని. ఏళ్ల తరబడి మింగి మింగి, ఇప్పుడు మింగినట్టే తెలియదు.

శుక్రవారం గుడిలో గంగారాం కనిపించాడు. జగిత్యాల వైపు మనిషి, ఇక్కడికి బస్సులో మూడు గంటల దూరంలో ఉన్న సహం అనే ఊళ్లో ప్లాస్టరింగ్ పని. చెప్పులు వేసుకోవడానికి వంగి, ఇక లేవలేకపోయాడు.

"ఏమైంది నాయనా?"

"నడుం పట్టేసింది పెద్దమ్మా. రేపు సైట్‌ల మూడో అంతస్తు ఎక్కాలె, ఎట్లనో ఏమో!"

ఇక్కడ మనవాళ్ల అలవాటు తెలుసు కదా. ఊరి నుంచి ఊరగాయ వస్తే పంచుకుంటాం, మాత్రలొస్తే అవీ పంచుకుంటాం! సంచిలోంచి నా మాత్ర ఒకటి తీసిచ్చాను. మింగి, సహం బస్సెక్కాడు.

ఇంటికొచ్చి మేడంకి గొప్పగా చెప్పుకున్నా. ఆమె టీ కప్పు కింద పెట్టేసింది.

"అంత పెద్ద డోసు, అలవాటు లేని మనిషికా! ఎవరికీ ఇవ్వొద్దని డాక్టర్ చెప్పలేదా అవ్వా?"

చెప్పింది. రెండుసార్లు చెప్పింది! బస్సు దిగి తూలితే? ఆ హైవే మీద కార్లు ఎట్లా పోతాయో! ఫోన్ చేస్తే మోగుతోందే గాని ఎత్తడు. మళ్లీ చేశా. మళ్లీ చేశా. పప్పు మాడింది, తిట్టకుండా మేడమే వచ్చి పొయ్యి ఆపింది. అది ఇంకా భయం!

చివరికి ఎవరో ఎత్తారు. బస్సు డ్రైవరు, ఒమానీ ఆయన, హిందీలో అరుస్తున్నాడు.

"ఈ మనిషి మీవాడేనా? ఎంత లేపినా లేవడు! సహం దాటి సోహార్ వచ్చేశాం!"

"ఊపిరి ఉందా నాయనా?"

"ఊపిరా? గురకకి బస్సే ఊగుతోంది!"

అక్కడే వంటింట్లో కూలబడి ఏడ్చానో నవ్వానో నాకే తెలియదు. పాపం, ఆయనే మొహాన నీళ్లు చల్లి లేపి, దగ్గరుండి వెనక్కి వచ్చే బస్సెక్కించాడు. గంగారాం రూమ్ చేరేదాకా నేను ఫోన్ వదల్లేదు. "రేపు పైకి ఎక్కావంటే నా మీద ఒట్టు" అన్నా. సరేనని డ్యూటీ మానేశాడు.

ఆ మరునాడు సాయంత్రం తనే ఫోన్ చేశాడు. "తప్పైపోయింది నాయనా, నేనూ ఒక డాక్టర్నే అనుకున్నా. నా మాత్ర ఇంకెవ్వరికీ ఇవ్వను" అన్నాను.

"గట్లనకు పెద్దమ్మా! ఈ దేశమొచ్చినకాన్నుంచి గింత మంచి నిద్ర ఎన్నడు పోలే. మా ఫోర్‌మన్‌కు గూడ ఒకటియ్యి, ఆయన పండుకుంటే మేం జర నడుం వాలుస్తం!"